చర్చి సున్నం

మా అన్నయ్య పేరెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. దాచుకోవడానికేమీ లేదు.

ఆ ఏడు వానలు తెరిపిచ్చాక అమ్మ కాఫీతోటకి తెగులు మందు కొట్టాల్సి వచ్చింది. మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, ఒక డ్రమ్ములో, సున్నం ఇంకో డ్రమ్ములో వేరువేరుగా కలుపుకుని, తర్వాత రెండూ ఒకటి చేస్తే వచ్చే నీలం మందు. నాన్న పోయాక అమ్మకి తిండి పెడుతున్నది ఆ తోటే.

అన్నయ్య మా ఊరి చర్చిలో సంఘపెద్ద. ఇంట్లో కొత్త సున్నం బస్తా ఉంది, కానీ దాని మూతి విప్పనివ్వలేదు. క్రిస్మస్‌కి చర్చి గోడలకి వెల్ల వేయాలట. పోయినేడు వెల్లకి వాడగా మిగిలి, చెమ్మకి గడ్డకట్టి, సత్తువ చచ్చిన సున్నాన్ని తెచ్చి డ్రమ్ములో పోశాడు. మా ఊళ్లో దేవుడి పేరు చెబితే ఎవరూ నోరెత్తరు. నేను ఎత్తాను.

కలిపిన మందులో కొడవలి ముంచి తీశాను. ఇనుము మీద ఎర్రగా రాగి పూత తేలింది. సున్నం చాలక తుత్తంలోని రాగి మిగిలిపోయిందన్నమాట. నేను కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. రెండింట్లో ఏది ముందు అయిపోతే మందు అంతవరకే తయారవుతుందని పిల్లలకి ఏటా చెప్పే పాఠమే ఇది.

"సున్నం సాల్లేదు అన్నయ్యా. ఇలా కొడితే ఆకు మాడిపోద్ది. కొత్త బస్తా విప్పు."

"అది తుప్పే! నీ పాఠాలు కాలేజీలో సెప్పుకో. ఏటి, దేవుడి సున్నం సెట్లకి పోత్తావా?"

కొడవలి లాక్కుని లుంగీకి తుడిచేశాడు. నా మీద కోపంతో, మందుకి బలం రావాలని ఇంకో గుప్పెడు తుత్తం పడేశాడు. ఉన్న సున్నం ఎప్పుడో అయిపోయింది, ఇక ఎంత తుత్తం వేసినా మందు పెరగదు, మంటే పెరుగుతుందని అరిచాను.

"పెద్దోడు సెప్పాడు కదే, ఊరుకో," అంది అమ్మ.

ఆ మందే తోటంతా కొట్టాడు అన్నయ్య. కొద్దిరోజులకే ఆకుల అంచులు నల్లగా మాడి, పచ్చికాయలు రాలిపోయాయి. దేవుడి పరీక్ష అన్నాడు అన్నయ్య.

"స్ప్రేయరు మోసింది దేవుడా, నువ్వా?" అన్నాను.

క్రిస్మస్ పొద్దున చర్చి ముందు నిలబడి అమ్మని పిలిచాడు. "బేగి రా అమ్మా, గోడలు ఎంత తెల్లగున్నాయో సూడు!"

అమ్మ చూసింది. "నా తోట మీద పడాల్సిన తెలుపురా అది," అని, లోపలికి వెళ్లకుండానే ఇంటిదారి పట్టింది.