మా ఇంట్లో తలకు పోసుకున్న డాక్టరమ్మ

మా డాక్టరమ్మ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆఫీసులో ఉండగా తెలిసింది. ఆమె దగ్గర చాలా ఏళ్ళు పనిచేసిన నర్సమ్మ ఫోన్ చేసి, "మేడం ఇగ లేరమ్మా" అంది. ప్రగతి నగర్‌లో చెరువు వైపు బాల్కనీ ఉన్న ఫ్లాట్ ఆమెది. అక్కడే కాఫీ తాగి, పేపరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. హైటెక్ సిటీలో తొమ్మిదో అంతస్తులో నా కంప్యూటర్ తెర మీద ఏదో మీటింగ్ నడుస్తోంది. మైక్ ఆపేసి, లిఫ్టుల దగ్గరికి వెళ్ళి నిలబడి ఏడ్చాను. ఎవరు పోయారని అడిగినవాళ్ళకి "మా డాక్టరమ్మ" అని చెప్తే, డాక్టరు పోతే ఇంతగా ఏడుస్తారా అన్నట్టు చూశారు. ఏడుస్తారు. ఎందుకో చెప్తాను.

మూర్ఛ మీద ఆమె చేసిన పరిశోధన గురించి తెలిసినవాళ్ళు రాస్తారు. తల మీద వేడినీళ్ళు పోసుకుంటే వచ్చే మూర్ఛ ఒకటుందని, మన వైపు దాని వెంట ముందుగా పడ్డ కొద్దిమందిలో ఆమె ఒకరని నాకు అర్థమైంది, అంతే. నాకు తెలిసిన డాక్టరమ్మ మా అమ్మ చేత తలకు పోయించుకుని, కుంకుడు పులుసు కళ్ళలో పడి కేకలు పెట్టిన మనిషి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. మేం మణికొండ వాళ్ళమే, కిరాయికి వచ్చినవాళ్ళం కాదు. అప్పట్లో అక్కడ ఇన్ని అపార్ట్‌మెంట్లు లేవు, బండలూ పొలాలూ ఉండేవి. నాకు ఫిట్స్ వచ్చేవి. చూపు ఒకచోట నిలిచిపోయి, మాట తడబడి, ఒక్కోసారి పడిపోయేదాన్ని. మావాళ్ళు తాయెత్తులు కట్టారు, చేతిలో తాళాలగుత్తి పెట్టారు, చెప్పు వాసన చూపించారు. నాకు దయ్యం కంటే ఆ చెప్పంటేనే భయం. ఇద్దరు డాక్టర్లు మాత్రలు కూడా రాశారు. తగ్గలేదు. చివరికి ఎవరో చెప్తే అమ్మ నన్ను పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోయింది.

అక్కడ బల్ల వెనక కూర్చున్న డాక్టరమ్మ కడప జిల్లా మనిషి. నూలు చీర, జారిపోతున్న కళ్ళజోడు. చుట్టూ చదువుకునే డాక్టర్లు నిలబడి ఉన్నారు. ఎప్పుడెప్పుడు వస్తాయని ఆమె అడిగితే అమ్మ, "ఐతారం నాడే వస్తయి మేడం" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. రోగానికి వారం ఏం తెలుస్తుందని ఒకాయన అన్నాడు కూడా.

డాక్టరమ్మ నవ్వలేదు. పెన్ను కింద పెట్టారు. "ఐతారం మీ ఇంట్లో ఏం చేస్తారు మ్మే?"

"ఏం చేస్తం మేడం. కూర వండుకుంటం. పోరికి తలకు పోస్త."

"ఈ ఆదివారం నేనొస్తా. నువ్వు ఎట్ల పోస్తావో చూడాల."

వస్తానన్న పెద్దమనుషులు ఎంతమంది రాలేదు! ఈమె వచ్చారు. బస్సు దిగి, దుమ్ములో నడుచుకుంటూ, చేతిసంచిలో ఒక థర్మామీటరు, ఒక నోటుబుక్కు పెట్టుకుని వచ్చారు. అమ్మ రాగి బాయిలర్‌లో కట్టెలు వేసి నీళ్ళు కాచింది. తీరా నన్ను పీట మీద కూర్చోబెట్టాక అమ్మకు భయం పట్టుకుంది. కళ్ళముందే మళ్ళీ వస్తే? చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

డాక్టరమ్మ నన్ను లేపి, ఆ పీట మీద తను కూర్చున్నారు. చీర కొంగు బొడ్లో దోపి, జడ విప్పి, "పొయ్యి. నీ బిడ్డకు ఎట్ల పోస్తావో అట్లనే నాకు పొయ్యి" అన్నారు.

"మీకు పోసుడా? నాతోని గాదు మేడం!"

"అయితాది. పొయ్యి."

అమ్మ కళ్ళు మూసుకుని పోసింది. నాలుగు చెంబులు, ఊపిరి తీసుకోనివ్వకుండా. డాక్టరమ్మ పీట మీంచి లేచి గెంతారు. "ఇయి నీళ్ళా మ్మే? కోడి బొచ్చు పీకేదానికి కాచినావా?" అని అరిచారు. కళ్ళలో కుంకుడు పులుసు, ఒళ్ళంతా నీళ్ళు. నాన్న బయటి నుంచి ఏమైందోనని పరేషాన్ అయి పరుగెత్తుకొచ్చి, ఆ అవతారం చూసి సిగ్గుపడి వెనక్కి పోయాడు. ఆమె అమ్మ పాత చీర కట్టుకుని, తడి తలతోనే కూర్చుని, నీళ్ళ వేడి ఎంత, చెంబులు ఎన్ని, ఎంత వేగంగా అని అంతా రాసుకున్నారు.

ఆ తర్వాత నాకు ఆమె పద్ధతిలో తలకు పోయించారు. నీళ్ళు గోరువెచ్చగా ఉండాలి, మోచేయి ముంచి చూడాలి. ముందు ఒళ్ళు, చివరికి తల. చెంబు వద్దు, తడిగుడ్డతో మెల్లగా. కొన్నాళ్ళు స్నానానికి ముందు ఒక మాత్ర. తలుపు దగ్గరికి వేసుకోవచ్చు గానీ గడియ పెట్టకూడదు. బయట ఒకరు కూర్చుని పిలుస్తూ ఉండాలి. మొదటిరోజు ఆమే బయట కూర్చున్నారు.

"పాపా, ఉండావా?"

"ఉన్న!"

"ఉండావా?"

"ఉన్న!"

ఆ ఆదివారం నాకు ఫిట్ రాలేదు. అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చింది. ఇన్నేళ్ళూ నా చేతులతో నేనే తెచ్చిపెట్టిన కదా అని ఆమె ఏడుపు. డాక్టరమ్మ పక్కన కూర్చుని, "నువ్వు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తాది? దినం గుర్తుపెట్టుకున్నావు చూడు, అదే సగం వైద్యం" అన్నారు. ఆమెకు అది నమ్మకం. జబ్బు సంగతి డాక్టరు కంటే చూసినోళ్ళకే ఎక్కువ తెలుసు అనేవారు. ఈ మూర్ఛ గురించి పెద్ద పుస్తకాల్లో వెతికితే రెండు ముక్కలు కూడా ఉండేవి కావట. "రాసినాయన షవర్ కింద నిలబడేటోడు. చెంబుతో పోసుకున్నోడు కాదు" అని ఎగతాళి చేసేవారు. అందుకే తనే స్నానాల గదులు పట్టుకుని తిరిగారు. ఆమె పరిశోధనశాల అంటే నాకు తెలిసి జనాల ఇళ్ళే. మా నాన్న ఆమెను నీళ్ళ డాక్టరమ్మ అనేవాడు. ఆ పేరు ఆమెకు నచ్చింది.

నేను సాఫ్ట్‌వేర్‌లో టెస్టర్‌ని. ఏదైనా తప్పు కనబడితే మేం మొదట అడిగేది "ఏం చేస్తే వచ్చింది?" అని. ఆ ప్రశ్న నాకు ఆఫీసులో ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది.

పెళ్ళి మాటల దగ్గర మాత్రం ఆమెకీ మా అమ్మకీ చెడింది. చాలా ఏళ్ళుగా ఫిట్స్ లేవు, ఎవరికీ చెప్పొద్దని అమ్మ. చెప్పాల్సిందేనని డాక్టరమ్మ. "గడియ పెట్టుకుని లోపల పడితే బయటోళ్ళు ఎట్ల వస్తారు పాపా?" అన్నారు నాతో. నేను చెప్పాను. ఖాయమనుకున్న సంబంధం వారంలో వెనక్కిపోయింది. అంతటితో ఆగలేదు, మా బస్తీ అంతా తెలిసింది. అమ్మ నిప్పులు కక్కింది. "ఆమెకేంది, చెప్పుమంటది! పెండ్లి చేసేది ఆమెనా?" అని నా ఎదుటే అరిచింది. నాకూ డాక్టరమ్మ మీద కోపం వచ్చిన మాట నిజం. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు.

సంగతి తెలిసి ఆమె మా ఇంటికి వచ్చారు. అమ్మ చాయ్ కూడా పెట్టలేదు, పలకరించలేదు. ఆమె వెళ్ళి ఆ పాత పీట మీదే కూర్చున్నారు. "నన్ను తిట్టు మ్మే. చెప్పమని చెప్పేది సులభం. చెప్పినాక ఏమయితాదో నేను ఆలోచన చేయల్యా" అన్నారు. అంత పెద్ద డాక్టరు తప్పు ఒప్పుకుంటుంటే అమ్మ లేచి చాయ్ పెట్టింది.

"మరి ఈసారి చెప్పొద్దా?" అని అడిగాను నేను.

"చెప్పాల. ఈసారి నేనూ పక్కన కూచుంటా."

అలాగే కూర్చున్నారు. బాచుపల్లి నుంచి వచ్చిన సంబంధం అది. అబ్బాయి, వాళ్ళమ్మ వచ్చారు. నేను నేల చూపులు చూస్తూ మొత్తం చెప్పాను. అబ్బాయి వాళ్ళమ్మ వైపు చూశాడు. నాకు ఆ సంబంధం పోతుందని ఖాయమైపోయింది. అప్పుడు వాళ్ళమ్మ డాక్టరమ్మ వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది.

"నీళ్ళు ఎంత ఎచ్చగుండాలె మేడం?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత ఆ పెద్దావిడ చెయ్యి పట్టుకుని, లోపల బకెట్ దగ్గరికి తీసుకుపోయి, మోచేయి ముంచి చూపించారు. పెళ్ళయిన వారంలో మా ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి మా బాత్రూం గడియ ఊడదీశాడు. ఆ తలుపుకి ఇప్పటికీ గడియ లేదు, నాలుగు బెజ్జాలు ఉన్నాయి.

మంగళవారం ప్రగతి నగర్‌లో ఆమెను ఆఖరిసారి చూశాను. తలకు పోసి పడుకోబెట్టారు, తెల్ల జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఫోన్‌లో అమ్మకి ఆ మాట చెప్తే, "నా చేతుల నీళ్ళు పోసుకున్న మనిషి గదనే" అని ఒకటే ఏడుపు.

సాయంత్రం బాచుపల్లి వచ్చాను. చావింటి నుంచి వచ్చాక తలకు పోసుకోకుండా ఏమీ ముట్టుకోకూడదు. అత్తమ్మ అప్పటికే బకెట్ నింపి, మోచేయి ముంచి చూసి, మెత్తటి గుడ్డ పక్కన పెట్టింది. నేను తలుపు దగ్గరికి వేసుకుని ముందు ఒళ్ళు తడుపుకున్నాను. బయట కుర్చీ జరిపిన చప్పుడయింది.

"ఉన్నవా బిడ్డా?"

"ఉన్న అత్తమ్మా."

గుడ్డ తడిపి తల మీద పెట్టుకున్నాను. అత్తమ్మకు ఏం గుర్తొచ్చిందో, ఈసారి నేను ఎన్నోసార్లు చెప్పిన డాక్టరమ్మ మాటతోనే అడిగింది.

"ఉండావా?"

"ఉన్న" అనాల్సింది పోయి, తడిగుడ్డని మొహానికి అదుముకున్నాను.

అత్తమ్మ రెండోసారి పిలవలేదు. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. గుడ్డ తప్పించి నా కళ్ళలోకి చూసింది. ఫిట్ కాదు, ఏడుపు. పీట లాక్కుని కూర్చుని, నా చేతిలోంచి గుడ్డ తీసుకుని, బకెట్‌లో ముంచి నా తల మీద పరిచింది. గోరువెచ్చటి నీళ్ళు చెవుల వెనక నుంచి మెల్లగా జారాయి. ఆమె వెనక తలుపు తెరిచే ఉంది.