అమ్మవారొచ్చినప్పుడు డెబ్బై నాలుగు

ఇది దేవతకూ యంత్రానికీ మధ్య జరిగిన మహాయుద్ధం. ఇందులో డప్పులు మోగుతాయి, జనం చేతులు జోడిస్తారు, ఒక ఊరి తలరాత తారుమారవుతుంది.

అంత లేదు. డప్పులు మాత్రం నిజం. మిగతాదంతా మా మేనత్త ఛాతీకి ఐదు రోజులు అంటించిన ఒక పట్టీ, దాన్ని చూసి నేను వేసిన ఒక జోకు. జోకు బాగానే పేలింది. బాధ కూడా అదే.

నేను మహబూబాబాద్‌లో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ కౌంటర్‌లో కూర్చుంటాను. పేరు, వయసు అడిగి, పొద్దున ఏమైనా తిన్నారా అని కనుక్కుని చీటీ రాయడం నా పని. నెల్లికుదురు దగ్గర మా ఊర్లో మాత్రం నన్ను సగం డాక్టరనుకుంటారు. నేను కాదని ఎప్పుడూ అనలేదు. మిగతా సగం ఎటు పోయిందని ఎవరూ అడగలేదు మరి.

అత్తమ్మ ఊర్లోనే ఒక్కతే ఉంటుంది. మామ పోయి చాలా ఏండ్లయింది. నాట్లకూ పత్తి ఏరడానికీ కూలికి పోతుంది. మూడేండ్ల కింద నాట్లప్పుడు రెండుసార్లు కండ్లు తిరిగి మడిలోనే కూలబడింది. డాక్టరు చూసి, ఐదు రోజులు వరుసగా గుండె కొట్టుకునే తీరు చూడాలన్నాడు. మా సెంటర్‌కు అప్పుడే కొత్తగా వచ్చిన పట్టీ అంటించాం. దాన్ని ఎలక్ట్రానిక్ చర్మం అంటారట. అరచేతిలో సగముంటుంది, ఒంటితో పాటు వంగుతుంది, లోపల వెంట్రుక కన్నా సన్నని తీగలు. గుండె చప్పుళ్లన్నీ లెక్కపెట్టి దాచుకుని, జత చేసిన ఫోన్ దగ్గరికి రాగానే అందులో పోస్తుంది. అత్తమ్మది బటన్ల ఫోన్ కనుక నా ఫోన్‌కు జత చేశాం.

"నొస్తదా అల్లుడా?" అంది.

"నొయ్యది అత్తమ్మా. నీ తోలు మీద ఇంకో తోలు, గంతే."

"ఉన్న తోలే ఎండకు మాడి అట్టయింది. గిదన్న జర మంచిది ఏసినవా?"

పట్టీ పెట్టిన మూడో రోజు ఊర్లో బోనాలు.

ఏడాదికి ఆ ఒక్కరోజు అత్తమ్మకు శిగం వస్తుంది. పూనకాన్ని మా దిక్కు అట్లా అంటారు. మిగతా రోజుల్లో ఆమె మాట వినేవాళ్ళు లేరు. రేషన్ దుకాణం వరుసలో కూడా ఆమెను దాటి ముందుకు పోతారు. ఆ రోజు మాత్రం సర్పంచ్ చెప్పులు విడిచి నిలబడి, "ఏం కావాలె తల్లీ" అని అడుగుతాడు. నేను చిన్నప్పటి నుంచీ గమనించిందేమిటంటే, మా అమ్మవారి కోరికలు కాస్త పంచాయతీ పనుల్లాగా ఉండేవి. ఒక ఏడు బడి ముందు కరెంటు తీగ కిందికి వేలాడుతోందని కోపం చేసింది, వారంలో లైన్‌మన్ వచ్చాడు. ఇంకో ఏడు చెడిపోయిన బోరింగు గురించి. ఊర్లో అర్జీ పెడితే పని జరిగే ఆఫీసు ఇదొక్కటే అని నేను అనేవాణ్ణి. అందరూ నవ్వేవారు. అప్పటికి దాని వల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

ఆ ఏడు కూడా డప్పులు అందుకోగానే అత్తమ్మ ఊగింది. రెండు బిందెల పసుపునీళ్లు తల మీంచి గుమ్మరించారు, చేతికి యాపకొమ్మ ఇచ్చారు. ఆమె సర్పంచ్ కండ్లలోకి చూస్తూ, "నా బిడ్డలు మోకాటి లోతు నీళ్లల్ల పడి బడికి పోతుంటే నాకెందుకురా మీ బోనం?" అంది. తండా పిల్లలు దాటి వచ్చే వాగు సంగతి అది. వానాకాలమంతా వాళ్ళు చెప్పులు చేత పట్టుకుని, పుస్తకాల సంచులు నెత్తిన పెట్టుకుని వస్తారు.

"తప్పయింది తల్లీ," అన్నాడు సర్పంచ్. "దసరా లోపల సిమెంటు పైపులేసి తొవ్వ కట్టిస్తం."

అందరి ముందూ ఒప్పుకున్నాడు. నిమ్మకాయ కోశారు. అమ్మవారు శాంతించింది.

మర్నాడు పొద్దున నా ఫోన్‌కు పట్టీ లెక్కలన్నీ వచ్చాయి. చాయ్ హోటల్ కాడ కూర్చుని తెరిచాను. ఆమె అంతగా ఊగిన ముప్పావు గంటలో గీత పైకి లేవలేదు, కిందికి దిగలేదు. స్కేలు పెట్టి గీసినట్టు నిమిషానికి డెబ్బై నాలుగు.

నేను ఊరుకుని ఉండాల్సింది. కానీ చుట్టూ ఎనిమిది మంది ఉన్నారు, సర్పంచ్‌తో సహా. ఎనిమిది మందిని చూస్తే నాకు నోరు ఆగదు.

"చూడుండ్రి. అమ్మవారు ఒంటి మీదికొచ్చినప్పుడు డెబ్బై నాలుగు. మొన్న పొద్దుగాల మిర్చి బజ్జి తిన్నప్పుడు తొంభై ఆరు. బజ్జిలనే ఎక్కువ శక్తి ఉన్నట్టున్నది."

పొలమారేటట్టు నవ్వారు. ఫోన్ చేతులు మారింది. సర్పంచ్ దాన్ని కాసేపు పట్టుకుని, "అయితే గీ డెబ్బై నాలుగుకా నేను పైపులు ఒప్పుకున్నది," అన్నాడు. అవసరమైన దానికన్నా ఎక్కువసేపు నవ్వాడు. నా జోకు ఆయనకు ఎందుకు అంత పనికొచ్చిందో నాకప్పుడు తట్టలేదు.

పాలపాకెట్ కోసం వచ్చిన అత్తమ్మ వెనకాలే నిలబడి ఉంది. ఫోన్ అడిగి తీసుకుంది.

"గిదేంది?"

"నీ గుండె అత్తమ్మా."

"నిన్న, అమ్మ వచ్చినప్పుడు?"

"ఆఁ."

"గిట్లనే ఉన్నదా?"

"గిట్లనే."

ఫోన్ నా చేతిలో పెట్టి పాలపాకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టలేదు. తిడితే దానికీ ఒక జవాబు నా దగ్గర సిద్ధంగానే ఉంది.

ఐదు రోజుల తర్వాత రిపోర్టు వచ్చింది. గుండెకు ఏమీ లేదని, నీళ్లు ఎక్కువ తాగమని డాక్టరు చెప్పాడు. దసరా వచ్చింది, పోయింది. పైపుల మాట ఎవరైనా ఎత్తితే సర్పంచ్ "డెబ్బై నాలుగు" అనేవాడు, వాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు.

పై ఏడు బోనాలకు అత్తమ్మ అందరితో పాటు వరుసలో వచ్చి బోనం దించింది. డప్పులోళ్ళు ఆమె దగ్గరికి వచ్చి చాలాసేపు కొట్టారు. ఆమె కొంగు సర్దుకుని నిలబడింది. తర్వాత ఇంటికి పోయింది. నేను వెనకే పోయాను.

"ఈసారి రాలేదా అత్తమ్మా?"

"రాలే." గిన్నెలు కడుగుతోంది. "ఇన్నేండ్లు వచ్చిందనే అనుకున్న. మిషన్ల రాలేదని తేలింది గదా."

"నేనేదో ఊకె అన్న."

"నువ్వు ఊకె అన్నవు. మిషన్ కూడ ఊకె అన్నదా? దానికేం పగరా నా మీద, అబద్ధం చెప్పనీకె?"

పొద్దటి అన్నం ఉందని పెట్టింది, తిన్నాను.

వాగు సంగతి మీద నేనే మండల ఆఫీసులో అర్జీ ఇచ్చాను. అందినట్టు ముద్ర వేశారు. ముద్ర బాగా స్పష్టంగా పడింది. వాన గట్టిగా పడ్డ రోజు తండా నుంచి ఒక్క పిల్ల కూడా రాదని బడి టీచరమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఈ మధ్య మా సెంటర్‌కు కాటారం నుంచి కొత్త టెక్నీషియన్ వచ్చింది. మొన్న ఒక ముసలాయనకు ఆయన పట్టీ లెక్కలు స్క్రీన్ మీద చూపిస్తూ, "తానం చేసినవా బాపు?" అని అడిగింది. చేశానన్నాడు. "అందుకే. గీ బూడిద రంగు గీత నీ గుండె కాదు. తడికి పట్టీ లేసింది, అక్కడ ఏం రికార్డు కాలే. ముందటి లెక్కనే మిషన్ అట్ల సాగదీస్తది."

కౌంటర్ వదిలేసి వెళ్ళి అత్తమ్మ పాత రికార్డు తెరిచాను. ఆ ముప్పావు గంట గీత బూడిద రంగే.

ఆదివారం ఊరికి పోయి చెప్పాను. తప్పు నాదే అన్నాను, పసుపునీళ్లకు పట్టీ లేచి మిషన్ అప్పుడు అసలేమీ చూడలేదన్నాను. అత్తమ్మ చేతిలోని చీపురు పక్కన పెట్టి కూర్చుంది.

"అంటే అమ్మ వచ్చిందా, రాలేదా?"

"మిషన్‌కు తెల్వదు అత్తమ్మా. నీకే తెలుసు."

"నాకు తెలుస్తుండె," అంది. "ఇప్పుడు తెలుస్తలేదు."

పట్టీ డబ్బా వెనకాల రాసే ఉంది: నీళ్లు తగిలితే తీసి, ఆరిన చర్మానికి కొత్తది అంటించాలి. తెలుగులోనే ఉంది.