పాచికి కాపలా

మా నీటిశుద్ధి ప్లాంటు పెద్దసారు పోయారని ఆపరేటర్ సింహాచలం ఫోన్ చేసినప్పుడు నేను గెడ్డ ఒడ్డున నీటి నమూనా పడుతున్నాను. "తెల్లారగట్ల గుండె ఆగిపోనాదటండి," అన్నాడు. సీసా నిండేదాకా ఉండి, మూత బిగించి, అప్పుడు గట్టు మీద కూలబడ్డాను. ఆయనున్నా ముందు మూత పెట్టమనేవారు.

మాది సముద్రానికి దగ్గర్లో ఉన్న మందుల ఫ్యాక్టరీ. వాడిన నీళ్లు శుద్ధి చేసి గెడ్డలోకి, అంటే పక్కనున్న వాగులోకి, వదులుతాం. శుద్ధి అయ్యాక కూడా వాటిలో కంటికి కనబడని మందు రవ్వంత మిగులుతుంది. దాన్ని తీయడానికే చివర్న బొగ్గు గుళికల తొట్టె ఉంది. గుళికలకి పట్టిన పాచిలోని సూక్ష్మజీవులు ఆ మందును తినేస్తాయి. పెద్దసారు రోజూ పొద్దున్నే చొక్కా చెయ్యి మడిచి, ఒక గుళిక తీసి వేళ్ల మధ్య నలిపి చూసేవారు. జిగురుగా తగిలితే ఆ పూట ఎవరినీ తిట్టేవారు కాదు.

"పాచని సులకనగా సూడకండిరా. ఆయి మన పనోళ్లు. మనం తొంగున్నా ఆయి తొంగోవు," అనేవారు. నరసన్నపేట యాసని ఆయన ఎవరి ముందూ దాచుకోలేదు.

తొట్టె కట్టాక వచ్చిన మొదటి దసరాకి ఆయన సెలవులో ఉన్నారు. ఆయుధపూజ అని అందరూ పంపులు, మోటార్లు కడిగారు. సింహాచలం భక్తి కొద్దీ తొట్టెలో బ్లీచింగ్ పౌడర్ కలిపి, గుళికలు తోమి, పసుపు రాసి బొట్టు పెట్టాడు. తొట్టె మెరిసిపోయింది. పాచి చచ్చిపోయింది.

మర్నాడు పెద్దసారు గుళిక నలిపి చూసి, వెళ్లి గెడ్డ వైపు వాల్వు కట్టేశారు. ఫ్యాక్టరీ మేనేజరు గారు గాజు గ్లాసుతో నీళ్లు పట్టుకొచ్చారు.

"ఎంత తేటగా ఉన్నాయో చూడండి. ట్యాంకులు నిండితే ఉత్పత్తి ఆపుకోవాలి. వాల్వు తెరిపించండి."

"తేటగుంటే మందు పోయినట్టేటండి? గెడ్డ సముద్రంలో కలిసే కాడ జనం రొయ్యలు పడతన్నారు. పాచి మళ్లీ పట్టీదాకా తెరవను. తెరవాలంటే నన్ను తీసీసి తెరవండి."

చివరికి ఉత్పత్తే తగ్గించారు. మొదటి ట్యాంకులోని, సూక్ష్మజీవులుండే బురద నీరు తెచ్చి తొట్టెలో పోసి, వారాల తరబడి కనిపెట్టుకుని ఉన్నాం. పరీక్షలో మందు జాడ తగ్గాకే ఆయన వాల్వు తెరిచారు. ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆయనకి రాలేదు. ఆయన ఆ మాటే ఎత్తలేదు గానీ, నాకు మాత్రం ఇప్పటికీ కోపమే. సింహాచలాన్ని కూడా ఆయన పెద్దగా ఏమీ అనలేదు.

"ఒరే, భక్తుంటే గోడకి బొట్టెట్టు. లోపలోళ్లకి తానాలు సేయించకు," అన్నారంతే.

అప్పట్నుంచి ప్రతి ఆయుధపూజకీ తొట్టె పక్కన ఇనప స్టూలు వేసుకుని, కడగడాలన్నీ అయ్యేదాకా కూర్చునేవారు. రిటైరయ్యాక కూడా ఆ ఒక్క పూటకి వచ్చేవారు.

ఆయన పోయాక మొన్న మొదటి దసరా వచ్చింది. స్టూలు మీద సింహాచలం కూర్చున్నాడు. కొత్త ఆపరేటర్ ఒకతను బకెట్టూ బ్రష్షూ పట్టుకుని వస్తే, "ఇటు కాదు. బొట్టు గోడకెట్టు," అన్నాడు. తల తిప్పి కూడా చూడలేదు. సింహాచలం కుడిచెయ్యి మోచేతి దాకా తొట్టెలో ఉంది. నీళ్లలోనే ఒక గుళికను వేళ్ల మధ్య మెల్లగా నలుపుతున్నాడు.