వెనక్కి నడిచే మల్లి

మేము కొండమీదికి చేరిన రోజు వాన. అంతకుముందు వారమంతా వానే, ఆ తర్వాత రెండు నెలలూ వానే. ఇంఫాల్ దాటి దక్షిణానికి పోయే దారిలో లారీలు ఒక మలుపు దగ్గర ఆగిపోయాయి. అక్కడి నుంచి మనుషులూ కంచరగాడిదలూ తప్ప ఇంకేదీ పైకి పోలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు దిగాం. చీకటి పడేలోపు పల్టన్‌లో చేరాలని ఆర్డరు. నాకున్నవి వానకు కప్పుకునే ఒక రబ్బరు కేపు, రెండు కంబళ్లు, అన్నం తినే రేకు డబ్బా, చేతిలో ఒక పగ్గం. పగ్గం చివర మల్లి.

మల్లి నా కంచరగాడిద. ముదురు గోధుమ రంగు, ఒక చెవి కొన కొంచెం తెగి ఉండేది. సర్కారు దానికి ఒక నంబరు వేసింది గానీ, పశువును నంబరుతో ఎవరైనా పిలుస్తారా? అడవిలో అరిస్తే జపాను వాళ్లకు తెలిసిపోతుందని డాక్టర్లు దాని గొంతులో నరం కోసేశారు. నోరు తెరిచేది, పళ్లు కనిపించేవి, గాలి తప్ప ఏమీ బయటికి వచ్చేది కాదు. 

మాది ఇబ్రహీంపట్నం, అప్పట్లో నిజాం ఇలాకా. చెరువు నీళ్లు పారని మెరక మీద మా భూమి. ఒకటే బావి, ఒకటే మోట. రెండేళ్లు వరసగా బావి అడుగంటింది. ముగ్గురు అన్నదమ్ములం ఒక్క మోట చుట్టూ తిరిగి ఏం లాభమని నేను లష్కర్ పోయి ఫౌజులో చేరాను. సికింద్రాబాదును మేము లష్కర్ అనే అనేవాళ్లం. బాపు నాతో మాట్లాడడం మానేశాడు. బయలుదేరే రోజు మాత్రం బావి గడ్డ మీద నిలబడి, "మోట తోలేటోనివి, తుపాకి ఎట్ల పడ్తవ్‌రా" అన్నాడు.

బాపు మాట నిజమే అయింది. ఏం పని వచ్చని ఫౌజులో అడిగితే ఎద్దుల్ని తోలుతానని చెప్పాను. తుపాకీ కంటే ముందు పగ్గం చేతికిచ్చారు. కొన్నాళ్లకు మా ఖచ్చర్ల కంపెనీ, అంటే కంచరగాడిదల కంపెనీ నుంచి కొందరిని విడదీసి ఒక గోరా పల్టన్‌కు, తెల్లవాళ్ల దళానికి పంపారు. అందులో నేనొకణ్ణి. మా ఊరికి దగ్గర్లోని యాచారం నుంచి వచ్చిన ఇంకో డ్రైవరు కూడా నాతో ఉన్నాడు. పశువుల్ని తోలేవాళ్లను కూడా ఫౌజులో డ్రైవర్లే అంటారు. ఆ మాట ఇంటికి రాస్తే నేను మోటారు నడుపుతున్నానని మా వదిన ఊరంతా చెప్పుకుంది.

గోరా పల్టన్ అంటే నేను అనుకున్నది వేరు. లష్కర్‌లో చూసిన దొరలు ఇస్త్రీ బట్టల్లో గుర్రాల మీద పోయేవాళ్లు. ఇక్కడి వాళ్లు గడ్డాలు మాసి, బూట్లు చీకిపోయి, మలేరియా గోలీలు మింగి మింగి ఒళ్లంతా పసుపు రాసిన పెళ్లికొడుకుల్లా ఉన్నారు. కూర్చుని సిగరెట్టు నిప్పుతో కాళ్ల మీది జలగల్ని రాలగొడుతున్నారు. చాలామంది బొగ్గు గనుల్లో, బట్టల మిల్లుల్లో పనిచేసే ఇళ్ల పిల్లలని తర్వాత తెలిసింది. ఆ రాత్రికే వాళ్లంటే నాకు భయం పోయింది.

భయమల్లా సార్జంట్ అంటేనే. పొట్టివాడు. తల నేరుగా భుజాల మీదే పెట్టినట్టుండేది. హిందుస్తానీ ముక్కలు ఐదారు వచ్చు, వాటిలో రెండే వాడేవాడు. ఏదైనా మొదలుపెట్టాలంటే "చాలూ", ఆపాలంటే "బంద్". మల్లి వీపు మీద వైర్‌లెస్ పెట్టె ఎక్కించమన్నాడు. ఒక పక్క పెట్టె, ఇంకో పక్క దాని బ్యాటరీలు, పైన టార్పాలిన్. అది కింద పడితే నన్ను కూడా కిందికే తోస్తానని సైగ చేసి చూపించాడు.

వైర్‌లెస్ నడిపేది ఒక సన్నటి కుర్ర సిపాయి. ముఖం నిండా మచ్చలు, ఎప్పుడూ దగ్గు. నేను సిగ్నల్ సాబ్ అనేవాణ్ణి. మీది ఏ ఊరని అడిగితే ఇబ్రహీంపట్నం అని చెప్పాను. మూడుసార్లు ప్రయత్నించి చివరి ముక్క ఉంచుకున్నాడు. ఆ రోజు నుంచి ఆ పల్టన్‌లో నా పేరు పట్నం. పెట్టె ఎక్కడికి పోతే అతనూ నేనూ మల్లీ అక్కడికి పోవాలి. ముగ్గురం ఒకే టార్పాలిన్ కింద ఉండేవాళ్లం. పొద్దున్నే టీ కాచి ముందు ఒక గుక్క తను తాగి, డబ్బా నాకు ఇచ్చేవాడు. అంత తియ్యటి చాయ్ నేను మళ్లీ ఎక్కడా తాగలేదు.

ఇక్కడ నా మోట సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. ఇప్పటి పిల్లలకు మోట తెలియదు. తోలు బొక్కెన నీళ్లలో మునగాలి, దాని మోకు ఎద్దుల మెడకు కట్టి ఉంటుంది. బావి పక్కనే పల్లానికి ఒక బాట ఉంటుంది. ఎద్దులు ఆ బాటన కిందికి దిగితే బొక్కెన పైకొస్తుంది. నీళ్లు కాలువలో పడ్డాక బొక్కెన మళ్లీ దిగాలంటే ఎద్దులు వెనక్కి నడిచి పైకి రావాలి. తిరగవు, తిరిగే జాగా ఉండదు. ముఖం అటే ఉంచి వెనక్కే ఎక్కాలి. అందుకే మోట తోలేవాడు పాడతాడు. దిగేటప్పుడు ఒక రాగం, వెనక్కి వచ్చేటప్పుడు సాగదీసిన ఇంకో రాగం. ఆ రెండోది వింటే ఎద్దు దానంతటదే వెనకడుగు వేస్తుంది.

కొండల్లో నీళ్లుండేవి ఇరుకు వాగుల్లో. మల్లిని ముందుకు తీసుకుపోయి తాగించి, తిప్పే జాగా లేక వెనక్కి నడిపించి తెచ్చేవాణ్ణి. అలా తెస్తూ తెలియకుండానే ఆ రెండో రాగం తీసేవాణ్ణి. చేతులకు పగ్గం దొరికితే నోటికి పాట రావడం మా ఇంట్లో అందరికీ ఉన్న జబ్బే. దానికి గొంతు లేకపోయినా చెవులు బాగా ఉన్నాయి. కొద్ది రోజుల్లోనే నేర్చేసుకుంది.

ఒకరోజు కంపెనీ మొత్తం సన్నటి కొండదారిన వరసగా పోతోంది. వాన కాస్త తెరిపిచ్చింది. ఇల్లు గుర్తొచ్చింది. నోట్లోనే కూనిరాగం తీశాను, తీసింది ఆ రెండో రాగం. మల్లి ఆగింది. ఆగి చక్కగా వెనక్కి నడవడం మొదలుపెట్టింది. దాని వెనకాల సార్జంట్, చేతిలో చాయ్ మగ్గుతో. అతని వెనకాల యాచారం వాడి ఖచ్చర్, దాని వెనకాల ఇంకో పదిమంది. చాయ్ సార్జంట్ ఛాతీ మీద ఒలికింది, బిస్కట్ల డబ్బాలు రెండు లోయలోకి దొర్లిపోయాయి. వైర్‌లెస్ పెట్టెకు మాత్రం గీత కూడా పడలేదు. అదొక్కటే నన్ను కాపాడింది.

సార్జంట్ ముఖం చాయ్ కంటే వేడిగా ఉంది. "గానా బంద్" అన్నాడు. ఇక పాట లేదని. యాచారం వాడు నవ్వు ఆపుకోలేక చెట్టు పట్టుకున్నాడు. "మోట తోలుడు బావికాన్నే ఇడిసిపెట్టి రావాలె గదరా" అన్నాడు.

సిగ్నల్ సాబ్‌కు మాత్రం ఆ రాగం నచ్చింది. నేర్పమని వెంటపడ్డాడు. చెవులకు వైర్‌లెస్ తగిలించుకుని "హలో, హలో, వినిపిస్తోందా, ఓవర్" అని అరిచేవాడు. అవతలి నుంచి జవాబు వచ్చేలోపు ముక్కుతో మోట రాగం తీసేవాడు. సార్జంట్ పక్క టార్పాలిన్ కింది నుంచి "బంద్" అనేవాడు. ఇతను ఆపి, కాసేపటికి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఇలా నెల గడిచింది. ఇల్లు వదిలాక నేను మనసారా నవ్విన రోజులంటే అవే.

తర్వాత ఒక ఉదయం కొండ శిఖరం మీది మా మోర్చా మీద, అంటే మేము కాపు కాసే గోతుల మీద, మోర్టారు గుండ్లు పడ్డాయి. వైర్‌లెస్ పెట్టె ముక్కలైంది. దాని ముందు కూర్చున్న సిగ్నల్ సాబ్‌కు తొడలో ఇనప ముక్క దిగింది. సార్జంట్ ఎడమ భుజానికి కూడా తగిలింది, చెయ్యి మెడకు కట్టుకున్నాడు. స్ట్రెచర్లు మోసేవాళ్లు అప్పటికే వేరేవాళ్లను తీసుకుని దిగిపోయారు. తొడకు పట్టీ బిగించి కట్టారు గానీ నెత్తురు ఆగడం లేదు. చీకటి పడేలోపు కింది డాక్టరు దగ్గరికి చేరిస్తే బతుకుతాడు, లేకపోతే లేదని కంపెనీ కెప్టెన్ చెప్పాడు. అతన్ని మల్లి మీద కూర్చోబెట్టి జీనుకు తాళ్లతో కట్టాం. దారి చూపడానికి ముందు సార్జంట్, తోలడానికి వెనక నేను.

సగం దూరం దిగాక దారి లేదు. వానకు కొండచరియ విరిగి, పదడుగుల మేర దారి మొత్తం లోయలోకి జారిపోయింది. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. మల్లి నిలబడ్డ చోట మనిషి పక్కన మనిషి పట్టడు. తిప్పడం కుదరదు. మా వెనకాల, మా ఇంటి నుంచి బావి ఉన్నంత దూరంలో దారి వెడల్పయ్యే మలుపు ఉంది, అక్కడి నుంచి ఇంకో బాట కిందికి పోతుంది. సిగ్నల్ సాబ్‌ను దించి మోసుకుపోదామంటే సార్జంట్‌కు ఒకటే చెయ్యి, ఆ బురదలో నా ఒక్కడి వల్ల కాదు. మోసినా ఆ పొడుగు బాట మల్లి లేకుండా దిగలేం.

సార్జంట్ మల్లి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి తోశాడు. అది నాలుగు కాళ్లూ తన్నిపట్టి నిలబడింది. తోసిన కొద్దీ ఖచ్చర్ ముందుకే ఒరుగుతుంది, అది దాని పుట్టుక. అతను నా వైపు చూశాడు. ఎదుటి కొండ మీద జపాను వాళ్లున్నారు, గట్టిగా దగ్గడానికి కూడా లేదు. గొంతు తగ్గించి, "గానా చాలూ" అన్నాడు. పాట మొదలుపెట్టమని.

కానీ నేను పాడలేను. మల్లి వెనక కాళ్లు లోయ అంచున పడకుండా చూడాలంటే నేను దాని తోక పట్టుకుని వెనకాలే ఉండాలి. అక్కడి నుంచి మెల్లగా పాడితే వాన చప్పుడులో దానికి వినపడదు, గట్టిగా పాడితే ఎదుటి కొండకు వినపడుతుంది. ఇది సార్జంట్‌కు ఎలా చెప్పాలో తెలియక నిలబడ్డాను. జీను మీది మనిషికే తెలిసింది. అతను మెల్లగా ముందుకు వంగి, మల్లి మెడ మీద చెంప ఆనించి, తెగిన చెవి దగ్గర నోరు పెట్టాడు.

ఆ రాగమే. ముక్కుతో తీసేదే. మల్లి చెవి కదిలింది. వెనక కాలు లేపి వెనక్కి పెట్టింది.

నేను బండ వైపు తోక లాగుతూ, ఒక్కో గిట్ట ఎక్కడ పడుతోందో చూస్తూ నడిచాను. సార్జంట్ పగ్గం పట్టుకుని దాని ముఖానికి ముఖం పెట్టి వస్తున్నాడు. సగం దూరం వచ్చాం. రాగం సన్నబడింది. తర్వాత ఆగిపోయింది. సిగ్నల్ సాబ్ తల పక్కకు వాలింది. మల్లి కూడా ఆగిపోయింది. ఒక వెనక గిట్ట సరిగ్గా అంచు మీద ఉంది, కింద మట్టి రాలుతోంది. అతను చచ్చిపోయాడనుకున్నాను.  ముందుకు పోయే దారి లేదు, పాడేవాడు లేడు.

అప్పుడు ఆ రాగం మళ్లీ వినిపించింది. బొంగురుగా, ఒక్క మెట్టూ సరిగ్గా లేకుండా. నెల రోజులుగా బంద్ బంద్ అన్న మనిషి దాన్ని మొత్తం నేర్చుకునే ఉన్నాడు. సార్జంట్ మల్లి చెవికి మీసం తగిలేంత దగ్గరగా వంగి, కళ్లు మూసుకుని మా బావి పాట తీస్తున్నాడు. మల్లి కాసేపు ఆలోచించింది. దాన్ని తప్పు పట్టలేను, రాగం అంత ఘోరంగా ఉంది. తర్వాత గిట్ట లేపి లోపలికి పెట్టింది.

మలుపు దాకా అతను ఆపలేదు. మల్లిని తిప్పాక కూడా ఒకటి రెండుసార్లు తీశాడు, అప్పుడు నేనే "సాబ్, బంద్" అన్నాను. అలా అన్నందుకు కొడతాడేమో అనుకున్నాను. తల ఊపాడు.

డాక్టరు గుడారం చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. సిగ్నల్ సాబ్‌కు ఊపిరి ఉంది. నెత్తురు ఎక్కించి, తెల్లారి జీపులో పడుకోబెట్టారు. కళ్లు తెరిచి "పట్నం, చాయ్" అన్నాడు. నేను తెచ్చేలోపు జీపు కదిలింది. కొన్ని వారాల తర్వాత సార్జంట్ నా దగ్గరికొచ్చి తన కాలు మీద తట్టుకుని, "చాలూ" అన్నాడు. సిగ్నల్ సాబ్‌కు కాలు దక్కింది, నడుస్తున్నాడని. ఆ రోజు మల్లికి నా బెల్లం ముక్క మొత్తం పెట్టేశాను.

యుద్ధం అయిపోయాక ఖచ్చర్లను మాతో పంపలేదు. మల్లిని ఎవరో కొత్త మనుషులు తోలుకుపోతుంటే నేను క్యాంపు గేటు దగ్గర నిలబడ్డాను. ఒక్క కూనిరాగం తీస్తే అది వెనక్కి నడిచి నా దగ్గరికే వచ్చేది. పళ్లు బిగించి నిలబడ్డాను. ఫౌజులో నేను చేసిన కష్టమైన పని అదే.

లష్కర్‌లో రైలు దిగి, దొరికిన బండ్లు ఎక్కి, మిగిలింది నడిచి ఇంటికి చేరాను. ఇంట్లో ఎవరూ లేరు, అందరూ బావి దగ్గర ఉన్నారు. బాపు మోట తోలుతున్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూశాడు. పగ్గాలు నా చేతికిచ్చి గట్టు మీద కూర్చుని కండువాతో ముఖం తుడుచుకున్నాడు, చాలాసేపు తుడుచుకున్నాడు. ఎద్దులు కిందికి దిగాయి. నీళ్లు పడ్డాయి. ఇక అవి వెనక్కి రావాలి, నేను పగ్గాలు పట్టుకుని వాటి చెవుల వైపే చూస్తున్నాను.

"పాట మర్సిపోయినవారా" అని అడిగాడు బాపు.

"మరువలే బాపూ" అన్నాను.

ఊపిరి తీసుకుని ఎత్తుకున్నాను. వచ్చింది నాకు బాపు నేర్పిన రాగం కాదు. బొంగురుగా, ఒక్క మెట్టూ కుదరకుండా వచ్చింది. ఎద్దులు ఒకసారి చెవులు ఆడించి, వెనక్కి నడిచాయి. బాపు ఆశ్చర్యపోయి, "గిదేం రాగంరా" అన్నాడు.

"మా సార్జంట్‌ది" అన్నాను.

ఇప్పుడు మా పొలంలో మోట లేదు. వాన గట్టిగా పడితే మాత్రం ఆ దారి కళ్లముందుకొస్తుంది. కట్టు కట్టిన చెయ్యి, టోపీ అంచు నుంచి కారుతున్న నీళ్లు, తెగిన చెవి దగ్గర కళ్లు మూసుకుని మా బావి పాట పాడుతున్న ఆ పొట్టి మనిషి. ఒక్కో అడుగూ మా వైపు నడిచి వస్తూనే ఉంటాడు.