రాతిపొడి చేతులు

ట్రే మూసుకోగానే స్టీరియో లోపల డిస్కు తిరుగుతున్న చిన్న గరగర వినిపిస్తుంది. తర్వాత రెండు క్షణాలు ఏమీ ఉండదు. అప్పుడు పాట మొదలవుతుంది. ఫోన్లో పాటలు వినే నా కూతురికి ఆ రెండు క్షణాలు ఆగే ఓపిక లేదు. "ఖరాబైందా అమ్మా?" అంటుంది. వికారాబాద్‌లో మా ముందుగదిలో ఉన్న ఈ స్టీరియో ఒకప్పుడు తాండూరులో మా పక్కింటి ఖాదర్ చాచాది. దాన్ని ఇంట్లో పెట్టుకునే అర్హత నాకు లేదు. ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. అందుకే ఆ గరగర విన్నప్పుడల్లా సిగ్గుతో తల వాలిపోతుంది.

చాచా బతుకంతా నాపరాతి బండలు పాలిష్ పట్టే చోట పనిచేశారు. రాయి కోసే మోతకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. అందుకని స్పీకర్లు రెండూ కుడివైపే, చెరొక బండముక్క మీద పెట్టుకుని, వాటికి పక్కగా తిరిగి కూర్చునేవారు. కంప్యూటర్ చదువు కొత్తగా తలకెక్కిన నేను ఊరుకునేదాన్ని కాదు. "స్టీరియో అంటే రెండు దిక్కులకెళ్లి ఇనవడాలె చాచా" అంటే, "నాకున్నది ఒక్క దిక్కే గద బిడ్డా" అని నవ్వేవారు. డిస్కును అంచుల దగ్గర ఎలా పట్టుకోవాలో, మధ్య నుంచి అంచుకు ఎలా తుడవాలో నేర్పింది ఆయనే. పాట అయిపోగానే నేను బటన్ మీదికి చెయ్యి పోనిస్తే మాత్రం కసురుకునేవారు. "జర ఆగు. గంత తొందరేంది? పాట అయినంక గూడ ఇనాలె." అదంతా చాదస్తమనుకునేదాన్ని. కానీ ఎదుటివాళ్ళు మాట ముగించాక కూడా కాసేపు ఆగే గుణం నాలో ఏ కాస్త ఉన్నా, అది ఆ గదిలో అబ్బిందే.

ఆయన ఒక డిస్కును శుక్రవారం నమాజు నుంచి వచ్చాకే వేసేవారు. అందులో ఆయన భార్య, మా చాచి, పాడిన పెళ్ళిపాటలున్నాయి. ఆమె పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఎప్పుడో ఇంట్లో ఆమె డోలక్ వాయిస్తూ పాడుతుంటే చాచా టేపురికార్డర్‌లో పట్టారట. తెలిసినవాళ్ళెవరో దాన్ని డిస్కులోకి ఎక్కించి ఇచ్చారు. తర్వాత క్యాసెట్ తెగిపోయి, ఆ ఒక్క డిస్కే మిగిలింది.

నేను రోజూ తాండూరు నుంచి రైల్లో వికారాబాద్ వచ్చి ఒక కంప్యూటర్ సెంటర్‌లో పనిచేసేదాన్ని. "చాచి పాటలు, నీ గజళ్ళు, అన్నీ ఎంపీత్రీ చేసి ఇస్త. ఒక్క డిస్కుల పడతయ్. లేసి మార్చే పనే ఉండదు" అని నేనే వెంటబడ్డాను. చాచా ఒక వారం తేల్చలేదు. చివరికి డిస్కును కవరుతో సహా తువ్వాలలో చుట్టి ఇచ్చి, "పైలం బిడ్డా. గిసొంటిది ఇంకోటి లేదు" అన్నారు.

సెంటర్‌లో దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి వింటే, పాటకూ పాటకూ నడుమ గిన్నెల చప్పుడు, దగ్గు, నవ్వు, ఏవో మాటలు. నాకు అదంతా చెత్తలాగే తోచింది. అంతా కత్తిరించి, పాటల్ని విడివిడిగా చిన్న ఫైళ్ళు చేశాను. జాగా తింటోందని అసలు ఫైలును తీసిపారేశాను. పక్క సీటు అమ్మాయి "మస్తుంది అక్కా" అనేసరికి ఇక నా అంత పనిమంతురాలు లేదనుకున్నాను. కొత్త డిస్కుకు కవరు లేకపోతే పాతదాని కవరు తీసి తొడిగాను. రైలు వేళయిందన్న హడావిడిలో తువ్వాల బల్ల మీదే మరిచాను. చాచి డిస్కును ఉత్తగా బ్యాగులో పడేశాను, తాళాలగుత్తి పక్కన. ధారూర్ స్టేషన్‌లో సీటు దొరికింది. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని హాయిగా కునుకు తీశాను.

ఇంటికొచ్చి చూస్తే డిస్కు నిండా తాళాల గీతలు. మా ప్లేయర్‌లో ఎన్నిసార్లు వేసినా గరగరమని తిరిగి ఆగిపోయింది.

మర్నాడు చాచా ముందుగా కొత్త డిస్కు విన్నారు. రెండో పాట అయిపోగానే అలవాటుగా నా వైపు చెయ్యెత్తారు, ఆగమని. వెంటనే మూడో పాట మొదలైంది. ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నడుమ చాచి పిలిచేది ఏది బిడ్డా? 'అజీ, చాయ్ ఠండీ హోరీ' అంటది గద."

రికార్డింగ్ ధ్యాసలో పడి టీ మరిచిన మొగుణ్ణి, చల్లారిపోతోందని పిలిచిన పిలుపు అది. ప్రతి శుక్రవారం ఆయన ఆగి వింటున్నది దాన్నే. నేను దాన్ని చెత్త అనుకున్నాను.

"ఫికర్ లేదు తియ్, పాతదాంట్ల ఉంది" అని ఆయన చెయ్యి చాచారు.

డిస్కు ఇస్తూ, "అది నడుస్తలేదు చాచా. నువ్విచ్చినప్పుడే గీతలుండె" అన్నాను. నోరు తడబడనైనా లేదు.

చాచా దాన్ని గుమ్మం వెలుతురుకు వంచి చూశారు. తర్వాత తన అరచేతులు చూసుకున్నారు. "నా చేతులతోనే అయ్యుంటది. ఎంత కడిగినా రాతిపొడి పోతదా? నువ్వు పరేషాన్ గాకు బిడ్డా" అన్నారు. నిజం చెప్పడానికి అప్పుడైనా ఒక్క మాట చాలు. చెప్పకుండా లేచి వచ్చేశాను.

ఆ రోజు నుంచి చాచా ఏ డిస్కు ముట్టుకోవాలన్నా పెరట్లోకి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకునేవారు. నేను చేసిచ్చిన ఆ కత్తిరించిన డిస్కుకు కూడా. ఎన్ని శుక్రవారాలు అది చూస్తూ కూర్చున్నానో. పెళ్ళయి వికారాబాద్ వచ్చేశాక, చూడకుండా ఉంటే చాలనిపించి వెళ్ళడమే తగ్గించాను.

నిరుడు ఆయన పోయాక, మేనల్లుడు ఈ స్టీరియోను ఆటోలో తెచ్చి దించాడు. "మామూ మీకే ఇయ్యమన్నడు. ఇనుడు ఆమెకే తెలుసన్నడు. చేతులు కడుక్కొనే ముట్టుమని గూడ చెప్పమన్నడు" అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

ఇవాళ నేను డిస్కు వేయబోతూ చేతులు రుద్దుకుంటుంటే నా కూతురు గుమ్మంలో నిలబడి చూసింది. "చేతులు మంచిగనే ఉన్నయ్ గదమ్మా, మల్ల ఎందుకు కడుగుతున్నవ్?"

"చాచా నేర్పిండు బిడ్డా" అన్నాను. ఆ అలవాటు ఆయనకు అంటించింది నేనేనని దానికి కూడా చెప్పలేకపోయాను.