స్తూపం మీద మూడో పేరు

రెండువేల తొలి ఏళ్ళలో నేను దుమ్ముగూడెం వైపు అడవి పల్లెల్లో నర్సుగా పనిచేశాను. టీకాల పెట్టె మోస్తూ నాతో తిరిగే ఆయా ఆ పల్లెల మనిషే. ఆమె భర్త కొన్నేళ్ళ కిందట తుపాకులు పట్టిన దళంలో కలిసిపోయాడు. ఆ తర్వాత కబురు లేదు.

ఒక వేసవి ఉదయం ఆమె దారిలో ఆగిపోయింది.

"సిస్టరమ్మా, వాగు అవతల కొత్తగా స్తూపం కట్టిన్రట. మొన్న కాల్పుల్ల సచ్చిపోయినోళ్ళ పేర్లు రాసిన్రట. అండ్ల ఒకటి మా ఊరోనిదే అంటున్రు. జర సదివి చెప్తవా?"

ఆ ఊరి నుంచి దళంలోకి పోయినవాళ్ళు ఇద్దరే. ఆమె భర్త, ఒక ముసలమ్మ కొడుకు. ఇద్దరి పేర్లూ ఒకేలా ముగుస్తాయి. చదువొచ్చినవాళ్ళు కూడా అటు వెళ్ళడం లేదు. స్తూపం దగ్గర నిలబడ్డవాళ్ళ ఇంటికి తర్వాత పోలీసు జీపు వస్తుందని అందరికీ తెలుసు.

వాగు ఎండిపోయి ఉంది. ఇసుకలో బూట్ల అచ్చులు, అప్పుడే పడినట్టున్నాయి. వెనక్కి పోదామన్నాను. ఆమె వినలేదు.

స్తూపం మీద మూడో పేరులో మొదటి అక్షరం పెచ్చు ఊడిపోయింది. తూటా తగిలిందో, ఎవరైనా రాయి పెట్టి కొట్టారో. రెండో అక్షరం మీద మట్టి గట్టిపడి ఉంది. టీకాల పెట్టెలో కరిగిన ఐసు నీళ్ళతో కొంగు తడిపి తుడిచాను. అక్షరం కింద ఒత్తు బయటపడింది. ముసలమ్మ కొడుకు పేరులో ఆ చోట ఒత్తు రాదు.

ఆమె రాతను కాదు, నా ముఖాన్ని చూస్తోంది.

"ఆయనేనా?"

కాదని చెబుదామనుకున్నాను. కానీ అవునని తల ఊపాను.

"ఇంకోపాలి సూడు."

మళ్ళీ చూశాను. ఒత్తు అక్కడే ఉంది.

అప్పుడే వెనక ఎవరో దగ్గారు. లుంగీలు కట్టిన ఇద్దరు మగవాళ్ళు. కాళ్ళకి మాత్రం బూట్లు.

"ఏంది సిస్టరూ, ఎవరి పేరు ఎతుకుతున్రు?"

"ఎవరిదీ కాదు. టీకాలకి పోతూ ఆగాం."

"ఈమె ఎవరు?"

"మా ఆయా."

ఒకడు ఆమె గాజుల వైపు చాలాసేపు చూశాడు. "పెనిమిటి ఉన్నడా?"

"ఉన్నడు," అంది ఆమె. "సత్తుపల్లి కాడ పామాయిలు తోటల్ల కూలికి పోయిండు."

"పోన్రి. మల్ల ఇటు రావద్దు."

ఆమె దారిలో ఏడవలేదు. తర్వాతి పల్లెలో పసిపిల్లల్ని ఎప్పటిలాగే ఒళ్ళో కూర్చోబెట్టుకుని, సూది గుచ్చేటప్పుడు కదలకుండా పట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు ముసలమ్మతో, నీ కొడుకు పేరు కాదని చెప్పాను. ముసలమ్మ సంతోషపడలేదు.

"ఈ పాలి కాదన్నమాట," అని లోపలికి వెళ్ళి తడిక వేసుకుంది.

వానలు పడకముందే పోలీసులు స్తూపాన్ని పేల్చేశారు. ఆ తర్వాత ఆయా ఇంటికి జీపు వచ్చింది. మొగుడు ఎప్పుడొస్తాడని అడిగితే, పండక్కి వస్తడని చెప్పిందట. మళ్ళీ వచ్చారు. మళ్ళీ అదే చెప్పింది.

చనిపోయినవాళ్ళకి ఊరి చివర రాయి నిలబెట్టడం ఆ పల్లెల ఆనవాయితీ. రాయి నిలిపితే చావు ఒప్పుకున్నట్టే, స్తూపం మీది మూడో పేరు ఎవరిదో పోలీసులకి చెప్పినట్టే. నాకు బదిలీ అయ్యేదాకా ఆమె ఆ రాయి నిలపలేదు.