బొంబాయి తాత వేసిన మామ వేషం

నా చిన్నప్పుడు నాందేడ్ జిల్లా కుండల్‌వాడిలో మా ఇంటిని అందరూ 'సినిమా ఆయన అక్క ఇల్లు' అనేవాళ్ళు. ఆ సినిమా ఆయన మా నాయనమ్మకు సొంత తమ్ముడు. మేము ఆయన్ని బొంబాయి తాత అని పిలిచేవాళ్ళం.

మీసాలు వచ్చీ రాని వయసులోనే ఇల్లు విడిచి వెళ్ళిపోయాడట. నాందేడ్‌కు వచ్చిన ఒక మరాఠీ నాటకాల కంపెనీలో మొదట తెరలు లాగి, తరువాత వేషాలు వేసి, వాళ్ళ వెంట ఊళ్ళు తిరిగి తిరిగి చివరకు బొంబాయిలో తేలాడు. నలుపు తెలుపు సినిమాల కాలం నుంచి ఎన్నింటిలో కనిపించాడో ఆయనకే లెక్క తెలియదు. హవల్దారు, పూజారి, పెళ్ళికూతురి బాబాయి, కోర్టులో బంట్రోతు. అన్నీ ఇలా వచ్చి అలా పోయే వేషాలే. నాందేడ్‌లో ఆయన సినిమా ఆడుతుందంటే నాయనమ్మ నన్ను వెంటబెట్టుకొని బస్సెక్కేది. తమ్ముడు తెరమీదికి రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకొనేది, వెళ్ళిపోగానే వదిలేసేది. మిగతా కథ ఆమెకు అక్కరలేదు. బయటికి వచ్చాక "జర బక్కగైండు" అనో, "గా మీసం మంచిగ లేదు" అనో ఒక్క మాట అనేది. ముఖం లోకమంతటికీ తెలుసు, పేరు ఎవరికీ తెలియదు. అట్లాగే ఆయన తల నెరిసిపోయింది.

అప్పుడు టీవీలు వచ్చాయి. మా గల్లీలో మొదటి టీవీ కిరాణా కొట్టు వాళ్ళది. ఆదివారం పొద్దున హిందీ సీరియల్ వేళకు వాళ్ళ వాకిలి నిండిపోయేది. ఆ సీరియల్‌లో బొంబాయి తాతకు, అన్నేళ్ళకు, పెద్ద వేషం దొరికింది. కొడుకు చచ్చిపోయిన ఇంట్లో మామ వేషం. మొదటి వారాలు మాకు ముందు వరుసలో చోటిచ్చారు. నేను బడిలో కనిపించిన ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాను.

ఒక ఆదివారం ఆ మామ విధవరాలైన కోడలిని వానలో ఇంట్లోంచి పంపేశాడు. అరవలేదు, కొట్టలేదు. ఆమె ముఖం చూడకుండా భుజం మీది కండువా తీసి ఒకసారి దులిపి, మళ్ళీ వేసుకొని, వీపు తిప్పుకొన్నాడు. అంతే. వాకిట్లో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా శాపనార్థాలు మొదలుపెట్టారు. "ముసలోని నోట్ల మన్నువడ" అని ఒకామె. "గిసొంటోన్ని కన్నతల్లి ఎవతో" అని ఇంకొకామె. ఆ కన్నతల్లికే పుట్టిన కూతురు తమ మధ్యనే కూర్చుందన్న సంగతి ఎవరికీ తోచలేదు. తోచాక అందరూ గమ్మున ఊరుకున్నారు. అది తిట్లకన్నా ఘోరంగా అనిపించింది. నాయనమ్మ ముఖం మీదికి కొంగు లాక్కొని లేచింది. నేను చెవులు కాలిపోతుంటే ఆమె వెనకాలే నడిచాను.

మరునాడు బడిలో పిల్లలు నన్ను చూసి రుమాళ్ళు దులిపి వీపు తిప్పారు. ఇంటికి వచ్చి ఏడ్చాను. నాయనమ్మ నన్ను ఓదార్చలేదు. ఆ తరువాత ఆమె ఆ టీవీ ముందుకు పోనేలేదు. నలుగురూ తిట్టినందుకు తలకొట్టేసినట్టయిందని మా అమ్మానాన్నా అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను.

రాఖీ పున్నమికి బొంబాయి తాత వచ్చాడు. టీవీలో కొండలా కనిపించే మనిషి, బస్సు దిగితే నాకంటే కాస్తంతే ఎత్తు. ఇంటిదాకా గడపగడపకూ జనం నిలబడి చూశారు. ఒక్కరూ పలకరించలేదు. ఆయన అందరికీ నమస్కారం పెట్టుకుంటూ వచ్చాడు.

నాయనమ్మ రాఖీ కట్టింది, నోట్లో మిఠాయి పెట్టింది. పెట్టిన చెయ్యి ఇంకా తియ్యకుండానే అడిగింది. "తమ్మీ, గా కండువ దులుపుడు నీకు ఎవలు నేర్పిండ్రు?"

తాత మిఠాయి మింగాడు. "నీకు తెల్వదా అక్క?" అన్నాడు.

"తెల్సు. బాపు గట్లనే దులిపిండు."

వాళ్ళకొక అన్న ఉండేవాడట. పెళ్ళయిన కొన్నాళ్ళకే జ్వరంతో పోయాడు. కర్మకాండలు కాగానే వాళ్ళ నాన్న, కోడలిని పుట్టింటికి పొమ్మన్నాడు. వాన కాదు, మండుటెండ. కండువా దులిపి వీపు తిప్పుకొన్నది ఆయనే. ఆ తరువాత కొద్దిరోజులకే తాత ఇల్లు విడిచాడు. ఆ సంగతి అక్కాతమ్ముళ్ళ మధ్య అప్పటినుంచి ఒక్కసారీ రాలేదు.

"డైరెక్టర్ నన్ను వొర్లుమన్నడు, మెడవట్టి నూకుమన్నడు" అన్నాడు తాత. "నాకు ఎర్కున్నట్టు చేస్త సాబ్ అన్న. చేసిన. అందరు చప్పట్లు గొట్టిండ్రు. నేను పక్కకు పోయి కక్కుకున్న."

మళ్ళీ తనే, "వదినె ఉన్నదా?" అని అడిగాడు.

"ఉన్నది. బిలోలిల, గామె తమ్ముని కొడుకు ఇంట్ల."

బిలోలి మాకు ఎంత దూరమని. పని మీద ఎన్నోసార్లు వెళ్ళి వచ్చిన నాయనమ్మ ఆ ఇంటి గల్లీలోకి ఎన్నడూ తిరగలేదు. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె తమ్ముడి ముఖం చూడలేకపోయింది.

మరునాడు పొద్దున ఇద్దరూ బస్సెక్కారు. నాయనమ్మ ఎందుకో నా చెయ్యి వదలలేదు, అందుకే నేనూ వెళ్ళాను. ఆ ఇంటి అరుగు మీద ఒక ముసలమ్మ చాటలో కందిపప్పు ఏరుతోంది. తలెత్తి చూసి, "అచ్చినవా ఆడిబిడ్డ" అంది, నిన్న వెళ్ళి ఈరోజు వచ్చినంత మామూలుగా. తాత వంగి ఆమె కాళ్ళు పట్టుకున్నాడు.

"వదినె, మా బాపు జేసినదానికి..."

ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "టీవీల సూసిన. మీ బాపును అచ్చంగ దింపినవ్. గాయిన మీద కోపం నాకు ఎన్నడో పోయింది. గని తమ్మీ, అండ్ల బువ్వ తినేటోళ్ళు లేరు."

నాకు అర్థం కాలేదు. వాళ్ళిద్దరికీ అర్థమైంది. నాయనమ్మ ఉన్నచోటనే కూలబడింది.

"ఆనాడు మీ ఇద్దరికి నేనే వడ్డించిన" అంది ముసలమ్మ. గొంతులో కోపం లేదు, చేతులు పప్పు ఏరుతూనే ఉన్నాయి. "మూట వట్టుకొని కడప దాటంగ ఎన్కకు మల్లి సూసిన. ఎవలన్న ఒగలు లేస్తరేమో అనుకున్న. మీరు తల వంచుకొని తింటనే ఉన్నరు. గా వంచిన తలకాయలే నా కండ్లల్లకెళ్ళి పోతలెవ్వు."

పెద్దవాళ్ళు సిగ్గుపడితే ఎట్లా ఉంటుందో ఆరోజే మొదటిసారి చూశాను. తాత, దేశమంతా చూసే ముఖమున్న మనిషి, ఆ ముఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడవైపు తిరిగాడు.

ఆమె లేచి లోపలికి పోయింది. కాసేపటికి మూడు పళ్ళేల్లో జొన్నరొట్టె, పప్పు పెట్టి పిలిచింది. ఎవరి చెయ్యీ ముందుకు రాలేదు. "ఇగ తినుండ్రి. ఇయ్యాల ఎవల్ని ఎల్లగొడ్తలేరు" అంది. తాత తల పైకెత్తి, ఆమెనే చూస్తూ, కన్నీళ్ళు తుడుచుకోకుండా తిన్నాడు. నాయనమ్మ మాత్రం రొట్టె తుంచి చేతిలో పట్టుకొని అట్లాగే కూర్చుండిపోయింది.

ఆ తరువాత తాతకు టీవీలో అట్లాంటి కఠినమైన వేషాలు చాలా వచ్చాయి. వేశాడు. బతుకుతెరువు మరి. మాటలు గుర్తుండనంత ముసలితనం వచ్చేదాకా వేశాడు. రాఖీకి వచ్చినప్పుడల్లా ముందు బిలోలిలో దిగి, ఆ తరువాతే మా ఇంటికి వచ్చేవాడు. ఆయన పోయినప్పుడు మరాఠీ పేపర్లో ఫోటో వేసి, ప్రేక్షకులు ద్వేషించేంత సహజంగా నటించేవాడని రాశారు. నాయనమ్మ ఆ ముక్క నాతో చదివించుకొని విని, లోపలికి పోయింది.

నేనిప్పుడు నాందేడ్‌లో ఉంటున్నాను, నాకూ మనవరాళ్ళున్నారు. మా అత్తగారింట్లో ఒకసారి అందరూ భోజనాలు చేస్తుండగా మా తోడికోడల్ని నిలబెట్టి దులిపేశారు. నేను పళ్ళెంలోనే చెయ్యి కడుక్కొని లేచి ఆమె పక్కన నిలబడ్డాను. చాలా రోజులు నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ప్రతిసారీ అట్లా లేవగలిగానని చెప్పను, నోరు పెగలని రోజులూ ఉన్నాయి. అయితే ఆనాడు బిలోలిలో వాళ్ళిద్దరి మధ్య కూర్చున్నందుకేమో, వాళ్ళ సిగ్గులో నా వంతూ నాకు వచ్చింది. ఇంట్లో ఒక మనిషి కళ్ళనీళ్ళతో నిలబడి ఉంటే, ఈ వయసులో కూడా నా గొంతులోంచి ముద్ద దిగదు.